మన తోట కాఫీ మన నాలుకకి తెలియాలి

పోస్టు కొంచెం పెద్దది. పరీక్షలున్నవాళ్లు తర్వాత చదువుకోండి, కానీ చదవండి. ముఖ్యంగా ఇంట్లో కాఫీ తోట ఉన్నవాళ్లు.

మేం నలుగురం. చింతపల్లి, పెదబయలు, డుంబ్రిగుడ, అనంతగిరి వైపు నుంచి వచ్చి విశాఖపట్నంలో ఒకే గదిలో ఉంటున్నాం. ఇద్దరం డిగ్రీ, ఒకరు బీఈడీ, ఒకరు గ్రూప్స్ కోచింగ్. నలుగురి ఇళ్లలోనూ కాఫీ ఉంది. ఒకరింట్లో అరెకరం, ఒకరింట్లో రెండెకరాలు. చిన్నప్పుడు నవంబరు, డిసెంబరు నెలల్లో బడి ఎగ్గొట్టి పండ్లు ఏరినవాళ్లమే. కానీ నిజం చెప్పాలంటే, ఇరవై ఏళ్లు వచ్చేదాకా మాలో ఒక్కరం కూడా మా తోట కాఫీ తాగలేదు. ఇంట్లో పొద్దున్న చోడి అంబలి, చుట్టాలొస్తే టీ. కాఫీ అంటే బస్తాలో పోసి సంతకి పంపేది. అంతే.

మొన్న వేసవిలో ఇక్కడ ఒక కాఫీ షాపుకి వెళ్లాం. మాలో ఒకరికి స్కాలర్‌షిప్ పడింది, పార్టీ అడిగాం. బోర్డు మీద అరకు అని ఉంటే అదే చెప్పాం. పెద్ద గాజు గ్లాసులో ఐసు, నల్లటి నీళ్లు. కోల్డ్ బ్రూ అన్నారు. గ్లాసు 270 రూపాయలు. నలుగురం కలిసి ఒకటే తీసుకున్నాం. తాగాక ఒకడు "ఇది మన కాఫీయేనా?" అన్నాడు. ఎవ్వరం జవాబు చెప్పలేకపోయాం. మన కాఫీ రుచి ఎలా ఉంటుందో తెలిస్తే కదా చెప్పడానికి.

ఆ ప్రశ్న మమ్మల్ని చాలా రోజులు వదల్లేదు. 2019లో అరకు వ్యాలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని కరెంట్ అఫైర్స్‌లో బట్టీ పట్టాం. 2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారని చదివి స్టేటస్‌లు పెట్టుకున్నాం. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ మన కాఫీని ప్యాకెట్లలో అమ్ముతోందని తెలుసు. ఇన్ని తెలుసు గానీ, రుచి తెలీదు. పారిస్ వాడికి తెలుసు, మనకి తెలీదు.

కాబట్టి మా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాం. కాఫీ పండించే ప్రతి ఇంట్లో, ఏడాదికి కనీసం ఒక కిలో, అమ్మకుండా అట్టే పెట్టుకోవాలి. వేయించి, దంచి, తాగి చూడాలి. ఫ్యాషన్ కోసం చెప్పడం లేదు. బేరం కోసం చెబుతున్నాం. అదెలాగో కింద రాస్తాం.

ముందు ఆ కోల్డ్ బ్రూ సంగతి. పేరు పెద్దదే గానీ పని చిన్నది. దంచిన కాఫీని చల్లనీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున్న గుడ్డలో వడకట్టడం. పొయ్యి అక్కర్లేదు, మిషన్ అక్కర్లేదు. రాత్రి నానబెట్టి పొద్దున్నే తాగడం మనకి కొత్తా? చద్దన్నం, తరవాణి, పులిసిన అంబలి అన్నీ ఆ బాపతే కదా. తేడా ఏంటంటే, తరవాణి పులవాలి, ఇది పులవకూడదు. (ఒక తమాషా: 1964లో అమెరికాలో టాడ్ సింప్సన్ అనే ఆయన చల్లనీళ్ల కాఫీకి ఒక సామాను తయారుచేసి దానికి టాడీ అని పేరు పెట్టాడు. టాడీ అంటే మన దగ్గర కల్లు. గదిలో ఈ పేరు చదవగానే మావాడొకడు లేచి కూర్చున్నాడు. జీలుగు కల్లు కాదురా, పడుకో అన్నాం.)

వేడినీళ్లు కాఫీలోంచి చేదు, పులుపు, వాసన అన్నిటినీ గబగబా లాగేస్తాయి. చల్లనీళ్లు నిదానం. పులుపు, చేదు తక్కువగా దిగుతాయి. అందుకే పాలు, పంచదార లేకుండా తాగగలం. అలవాటు లేని నాలుకకి ఇదే సులువు దారి అని మాకనిపించింది. మొదట వేడి డికాషన్ ఒట్టిది తాగి చూశాం, ఇద్దరం ఉమ్మేశాం. మరి పాలు, పంచదార పోసేస్తే తాగేది వాటి రుచే. అసలు మన గింజ ఏం చెబుతోందో వినపడదు.

పొడి దగ్గర జాగ్రత్త. కొట్లో ఫిల్టర్ కాఫీ అని అమ్మేదాంట్లో చాలావాటిలో చికోరి ఉంటుంది. చికోరి అంటే ఒక మొక్క వేరు, వేయించి పొడి కొట్టింది. చట్టం ప్రకారం అలాంటి మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, ఎంతెంతో ప్యాకెట్ మీద రాయాలి. చదివి కొనండి. నీళ్లలో వెయ్యగానే కరిగిపోయే ఇన్‌స్టంట్ పొడి దీనికి పనికిరాదు, నానబెట్టడానికి అందులో ఏమీ లేదు. ఇంకోటి, ఫిల్టర్ పొడి మరీ మెత్తన. రాత్రంతా నానితే బురదలా అయి, గుడ్డలోంచి దిగదు. మనకి కావాల్సింది ఇడ్లీ రవ్వ అంత బరక.

అయినా కొనడమెందుకు, ఇంట్లో బస్తాలుంటే? మేం సంక్రాంతికి వెళ్లినప్పుడు చేసిన పని రాస్తాం.

కడిగి ఎండబెట్టిన గింజ, అంటే పార్చ్‌మెంట్ ఉంటే సులువు. రోట్లో వేసి నెమ్మదిగా దంచితే పైన పెంకు ఊడుతుంది. చేటలో చెరిగితే పోతుంది. పండుని అలాగే ఎండబెట్టిన చెర్రీ అయితే తొక్క మొండిది, చెయ్యి నొప్పెడుతుంది, కానీ అవుతుంది. తర్వాత ఏరడం. నల్లగా ఉన్నవి, విరిగినవి, సూదితో పొడిచినట్టు చిల్లు ఉన్నవి, బూజు పట్టినవి తీసేయాలి. ఈ పని అమ్మకి వదిలెయ్యకండి, మీరే చెయ్యండి. ఒక కిలో ఏరితే మీ తోట గురించి పుస్తకంలో లేనిది చాలా తెలుస్తుంది.

వేయించడానికి ఇనప మూకుడు గానీ, మట్టి మంగలం గానీ చాలు. ఆరుబయట పెట్టుకోండి, పొట్టు ఎగురుతుంది, పొగ వస్తుంది. మంట మధ్యస్థంగా ఉండాలి, గరిటె ఆగకూడదు. ఆకుపచ్చ గింజ ముందు పసుపు రంగుకి తిరుగుతుంది, ఎండుగడ్డి వాసన. తర్వాత వేరుశనగ వేగుతున్న వాసన. ఓ పది పన్నెండు నిమిషాలకి టప్ టప్ మని పగలడం మొదలెడుతుంది, పేలాలు వేగినట్టు. ఆ చప్పుడు మొదలయ్యాక రెండు నిమిషాలు, మంచి గోధుమ రంగు రాగానే దించి చేటలో పోసి విసరండి. మా మొదటి వాయి మాడిపోయింది. ఇంకాస్త, ఇంకాస్త అనుకుంటూ ఉంచాం, బొగ్గయింది. ఊళ్లో అమ్మమ్మ వచ్చి చూసి "చోళ్లు వేపడం రాదు గానీ చదువులు" అని, రెండో వాయి గరిటె తనే లాక్కుంది. గింజ మీద చెయ్యి పెట్టి చూడకుండా, చప్పుడు విని దించేసింది. అది సరిగ్గా కుదిరింది.

వేయించిన గింజని ఒకట్రెండు రోజులు ఆరనివ్వండి. తర్వాత రోట్లో బరకగా దంచి, జల్లెడ పట్టి, మెత్తటి పిండి వేరు చేసేయండి.

కొలత ఇలా. 50 గ్రాముల పొడి, అర లీటరు నీళ్లు. నీళ్లు కాచి చల్లార్చినవి అయితే మంచిది, ఎందుకంటే ఇక్కడ తర్వాత మరిగించడం ఉండదు, నీళ్లలో ఉన్న సూక్ష్మజీవి అలాగే కడుపులోకి పోతుంది. గాజు సీసా గానీ స్టీలు గిన్నె గానీ శుభ్రంగా కడిగి, పొడి వేసి, నీళ్లు పోసి, పొడి అంతా తడిసేలా ఒకసారి కలిపి మూత పెట్టండి. విశాఖ వేసవిలో బయట ఉంచితే 12 గంటలు దాటనివ్వొద్దు. ఫ్రిజ్‌లో అయితే 16 నుంచి 18 గంటలు. డిసెంబరులో లంబసింగిలో మాత్రం ఇంటి అరుగే ఫ్రిజ్, దానికి కరెంటు బిల్లు రాదు. పొద్దున్న ఉతికిన పలచటి నూలు గుడ్డలో వడకట్టండి. గట్టిగా పిండొద్దు, పిండితే మడ్డి దిగి చేదెక్కుతుంది. పొడి కొంత నీళ్లు తాగేస్తుంది, 400 మిల్లీలీటర్ల దాకా వస్తుంది. ఫ్రిజ్ ఉంటే నాలుగైదు రోజులు ఉంటుంది. హాస్టల్లో ఫ్రిజ్ లేనివాళ్లు ఆ రోజే అవగొట్టేయండి.

ఆ 400 మిల్లీలీటర్లు ఒక్కరే తాగెయ్యకండి. చేదు తక్కువ కాబట్టి నీళ్లలా దిగిపోతుంది గానీ, కెఫీన్ మాత్రం తక్కువ కాదు. నీళ్లు కలుపుకుని నలుగురు పంచుకోండి. సాయంత్రం దాటాక తాగితే నిద్ర రాదు, గుండె దడదడలాడుతుంది. పరీక్ష ముందు రాత్రి ఇదే సాయం అనుకునే తమ్ముళ్లు గమనించాలి. చెల్లెళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. అన్నంతో పాటు గానీ, తిన్న వెంటనే గానీ కాఫీ, టీలు తాగితే తిండిలోని ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. రక్తహీనత మన ఇళ్లలో మామూలు విషయం అయిపోయింది. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లు కాఫీకి, మాత్రకి, భోజనానికి గంటన్నర రెండు గంటలు ఎడం పెట్టండి. కడుపుతో ఉన్న అక్కలు, వదినలు ఒక గుక్క రుచి చూస్తే చాలు. అంబలి మానేసి ఇది తాగమని మేం చెప్పడం లేదు. అంబలి కడుపు నింపుతుంది, కాఫీ నింపదు.

ఇప్పుడు బేరం సంగతి.

మాలో ఒకరి నాన్న నిరుడు ఎనిమిది బస్తాల సరుకు సంతకి తీసుకెళ్లాడు. షావుకారు ఒక బస్తాలో చెయ్యి పెట్టి, వాసన చూసి, "సరుకు వాసనేస్తోంది" అని ఎనిమిదింటికీ రేటు కోసేశాడు. నాన్న ఏమీ మాట్లాడలేకపోయాడు. ఇంటికొచ్చి "మోసం చేశాడు" అన్నాడు. మేమూ అదే నమ్మాం, కోపంతో ఊగిపోయాం.

సంక్రాంతికి వెళ్లినప్పుడు ఇంట్లో మిగిలినదాంట్లోంచి రెండు రకాలు తీశాం. ఒకటి అమ్మ ఎర్రపండ్లే ఏరి కోసి, కడిగి, వల మీద ఎండబెట్టింది. రెండోది చివరి కోతలో కొమ్మ దూసేసి, పచ్చికాయా పండూ కలిపి, వాకిట్లో మట్టి మీద ఆరబోసింది. మధ్యలో రెండు రోజులు ముసురు పట్టింది, తడిసింది, మళ్లీ ఎండింది, పాత యూరియా సంచిలోకి పోయింది. రెండింటినీ ఒకేలా వేయించాం. రెండు సీసాలు, ఒకే కొలత, ఒకే రాత్రి. మూతల మీద ఏమీ రాయకుండా అడుగున మాత్రం గుర్తు పెట్టాం.

పొద్దున్న నాన్నకి ఇచ్చాం. మొదటి సీసా తాగి మొహం చిట్లించి, "చేదు" అన్నాడు. ఇంకో గుక్క తాగాడు. "వెనక బెల్లం వాసనలా వస్తోంది" అన్నాడు. రెండో సీసా నోటి దాకా తీసుకెళ్లి ఆగిపోయాడు. "ఇది తడిసిన గోనె." తాగలేదు. సీసా కింద పెట్టి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

అంటే షావుకారు పూర్తిగా అబద్ధం ఆడలేదు. వాసన ఉంది. కానీ ఒక బస్తాలో ఉన్న వాసనకి ఎనిమిది బస్తాలకి కోత పెట్టాడు. అందులో అమ్మ నడుం పడిపోయేలా ఏరిన బస్తాలు కూడా ఉన్నాయి. వాడికి రెండింటికీ తేడా తెలుసు, మనకి తెలీదు. ఆ తెలియకపోవడానికి మనం ఏటా డబ్బు కడుతున్నాం. మేం "మోసం, మోసం" అని అరిచినంతకాలం వాడికి నష్టం లేదు. "ఈ బస్తా వేరు, ఆ బస్తా వేరు, విడివిడిగా రేటు కట్టు" అన్నప్పుడే వాడు తల ఎత్తి చూస్తాడు.

ఈ ఏడాది ఆ ఇంట్లో మొదటి నుంచీ బస్తాలు వేరు చేశారు. సంతలో షావుకారు చివరి కోత బస్తాకి రేటు తగ్గించాడు, నాన్న ఒప్పుకున్నాడు. మంచి బస్తాలకీ అదే మాట అంటే, ఒప్పుకోకుండా వెనక్కి తెచ్చేశాడు. తర్వాత సహకార సంస్థ కొనుగోలుకి వచ్చినప్పుడు ఇచ్చాడు. పెద్ద లాభం వచ్చేసిందని చెప్పం. కానీ సరుకు వెనక్కి మోసుకురావడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆ ఏడాది షావుకారు దగ్గర అప్పు లేదు కాబట్టి వెనక్కి తేగలిగాడు. పంటకి ముందే అప్పు తిన్న ఇంట్లో, నాలుకకి ఎంత రుచి తెలిసినా చేతులు కట్టేసే ఉంటాయి. ఆ ముడి కాఫీ సీసాతో ఊడదు.

ఈ విషయం మా ఊళ్లో చెబితే ఒక అన్న గట్టిగానే అడిగాడు. "ఊరికి రోడ్డు లేదు. మొన్న కూడా డోలీలో మోశాం. మీకు చల్ల కాఫీ కావాలా?" అని. ఆ మాట మాకు గుచ్చుకుంది. రోడ్డు గురించి అడగడం మానేసి కాఫీ తాగుదాం అని మేం అనడం లేదు అన్నా. కానీ రోడ్డు వచ్చేదాకా తోట ఆగదు, సంత ఆగదు, షావుకారు ఆగడు. మన్యంలో రెండు లక్షల ఎకరాలకి పైగా కాఫీ ఉంది. పోడు తగ్గాలని ప్రభుత్వమే మొక్కలిచ్చి పెంచమంది, మన పెద్దలు సిల్వర్ ఓక్ నీడలో పెంచారు, దానికే మిరియం పాకించారు. ఇంత చేసినవాళ్లం చివరి మెట్టు, రుచి దగ్గర, ఎందుకు ఆగిపోవాలి?

ఆ 270 రూపాయల గ్లాసు లెక్క కూడా ఒకసారి వేశాం. అలాంటి పెద్ద గ్లాసుకి సుమారు 25 గ్రాముల పొడి పడుతుంది. వేయిస్తే గింజ బరువు ఆరో వంతు తగ్గుతుంది, అంటే పచ్చిగింజ 30 గ్రాములు. కిలో పచ్చిగింజకి దాదాపు ఆరు కిలోల పండ్లు కావాలి. అంటే గ్లాసుకి 180 గ్రాముల పండ్లు, మన గుప్పిళ్లతో మూడు. మీ ఊళ్లో కిలో పండ్ల రేటు మీకు తెలుసు, లెక్క మీరే వేసుకోండి. షాపువాడికి అద్దె ఉంది, జీతాలున్నాయి, ఐసు ఉంది, అన్నీ తీసేయండి. అయినా మిగిలేది చూస్తే రాత్రి నిద్ర పట్టదు, కాఫీ తాగకపోయినా.

నిజమైన రుచి పరీక్ష వేరే ఉంది. నిపుణులు వేడినీళ్లు పోసి, స్పూనుతో పీల్చి, మార్కులు వేస్తారు. దాన్ని కప్పింగ్ అంటారు. చల్లనీళ్ల పద్ధతి దానికి సాటి రాదు. చల్లనీళ్లలో కొన్ని లోపాలు దాక్కుంటాయి కూడా. కానీ గోనె కంపు, బూజు, అతిగా పులిసిన వాసన దాక్కోవు. మన షావుకార్లు కోత పెట్టేది ఎక్కువగా వీటికే. చింతపల్లి దగ్గర ఆర్.వి.నగర్‌లో కాఫీ బోర్డు పరిశోధన కేంద్రం ఉంది. మన యువజన సంఘం తరఫున ఒక బ్యాచ్‌కి రుచి చూడటం నేర్పమని ఉత్తరం రాద్దాం. మొక్క నాటడం మన నాన్నలకి తెలుసు. కొమ్మ కత్తిరించడం తెలుసు. ఈ ఒక్కటి పిల్లలం మనం నేర్చుకుని ఇంటికి పట్టుకెళ్లొచ్చు. ఉత్తరం చిత్తు ప్రతి మేం రాస్తున్నాం, వచ్చే ఆదివారం ఇక్కడ పెడతాం, తప్పులుంటే దిద్దండి. సంతకాలకి ప్రతి మండలం నుంచి కనీసం ఇద్దరు కావాలి. అమ్మాయిలు ముందుకు రావాలి, ఎందుకంటే పండ్లు ఏరేది ఎక్కువగా వాళ్లే.

ఈలోగా సెలవులకి ఇంటికెళ్లినవాళ్లు రెండు సీసాలు పెట్టండి. ఒకటి మీ మంచి బస్తా, ఒకటి మీ చివరి బస్తా. అమ్మకీ, నాన్నకీ ముందు ఇచ్చి, వాళ్లన్న మాట ఉన్నదున్నట్టు కామెంట్లో రాయండి. ఫోటోలు వద్దు, గ్లాసు అందరికీ నల్లగానే ఉంటుంది. వాసన ఏమొచ్చిందో రాయండి.